మృతులు ఎవరి సొత్తు? యాసుకుని ఆలయం, ఒక భారతీయ న్యాయమూర్తి

టోక్యో నగరం నడిబొడ్డున, చక్రవర్తి ప్రాసాదానికి కూతవేటు దూరంలో, కుడాన్ గుట్ట మీద యాసుకుని ఆలయం ఉంది. దాని ప్రాంగణంలో, యుద్ధ మ్యూజియానికి చేరువగా, న్యాయమూర్తి దుస్తులు ధరించిన ఒక భారతీయుడి చిత్రంతో కూడిన స్మారక శిల కనిపిస్తుంది. ఆయన పేరు రాధావినోద్ పాల్. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, కలకత్తా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన బెంగాలీ. ఆ శిలను 2005లో నెలకొల్పారు. జపాన్ కోసం ప్రాణాలర్పించినవారిని మాత్రమే దేవతలుగా కొలిచే ఆలయంలో, జపాన్ తరఫున ఎన్నడూ ఆయుధం పట్టని ఒక విదేశీయుడికి ఇంతటి గౌరవం ఎందుకు దక్కింది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్ల చరిత్రను తిరగవేయాలి. ఆ చరిత్ర జపాన్‌ది మాత్రమే అనుకుంటే పొరపాటు. రాజ్యం, మతం, సైనికుడి మరణం అనే మూడింటిని ఒకే ముడిలో బిగిస్తే ఏమవుతుందో చెప్పే పాఠం అది. ఏటా ఆగస్టు 15న మనం స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకునే వేళ, జపాన్‌లో అదే రోజు యుద్ధం ముగిసిన దినం. ఆ ఉదయం ఏ మంత్రి యాసుకునికి వెళ్లాడు, ఎవరు కానుక పంపి ఊరుకున్నారు అని బీజింగ్, సియోల్ నగరాలు లెక్కలు తీస్తాయి. ఢిల్లీ మాత్రం మౌనంగా ఉంటుంది. ఆ మౌనానికి కారణాల్లో పాల్ ఒకరు.

గెలిచినవారి మృతులు

షింటో జపాన్ ప్రజల ప్రాచీన విశ్వాసం. దానికి ప్రవక్త లేడు, ఏకైక పవిత్ర గ్రంథం లేదు. కొండ, జలపాతం, మహావృక్షం, పూర్వీకుడు, ఎవరైనా, ఏదైనా ‘కామి’ కావచ్చు. కామి అంటే దేవత, లేదా దివ్యశక్తి. అలాంటి ఆలయాలు ఆ దేశంలో వేల సంఖ్యలో ఉన్నాయి. చాలావాటికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. యాసుకుని వాటి పక్కన పసిబిడ్డ. అది 1869లో పుట్టింది.

అంతకు ముందటి ఏడాది తొకుగావా షోగున్ల పాలన కూలి, మేజీ చక్రవర్తి పేరిట కొత్త రాజ్యం ఏర్పడింది. ఆ అంతర్యుద్ధంలో చక్రవర్తి పక్షాన మరణించినవారి ఆత్మలను ఆవాహన చేసేందుకు ‘టోక్యో షోకోన్షా’ పేరుతో ఈ ఆలయాన్ని స్థాపించారు. 1879లో దానికి యాసుకుని అన్న పేరు పెట్టారు. ‘దేశాన్ని ప్రశాంతంగా ఉంచేది’ అని ఆ పేరుకు అర్థం. పురాతన చైనా గ్రంథం నుంచి ఏరుకున్న మాట అది. చైనాతో ఇంత వైరానికి కారణమైన ఆలయం పేరు చైనా సాహిత్యం నుంచే రావడం చరిత్ర చేసిన చమత్కారం.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. జపాన్ పాత సంప్రదాయంలో ఓడిపోయినవారి ఆత్మలకే ఎక్కువ భయపడేవారు. అన్యాయంగా బహిష్కృతుడై 903లో మరణించిన పండితుడు సుగవారా నో మిచిజానే ఆగ్రహాన్ని శాంతింపజేయడానికే క్యోటోలో కితానో తెన్మాంగూ ఆలయం వెలసింది. ఈనాడు విద్యార్థులు పరీక్షల ముందు మొక్కుకునే దేవుడు ఆయనే. శత్రువుకైనా, ద్రోహిగా ముద్రపడినవాడికైనా మరణానంతరం గుడి కట్టి శాంతి చేయడం ఆ నేల సంస్కారం. యాసుకుని ఆ సంస్కారాన్ని తలకిందులు చేసింది. షోగున్ పక్షాన పోరాడి మరణించిన ఐజు సమురాయిలకు అందులో చోటు లేదు. మేజీ విప్లవానికి మూలస్తంభమై, తర్వాత ప్రభుత్వంపై తిరుగుబాటు చేసి 1877లో మరణించిన సైగో తకమోరికీ చోటు లేదు. ఆయన విగ్రహం టోక్యోలోని ఉయెనో పార్కులో ప్రజాభిమానం అందుకుంటోంది. ఆయన పేరు మాత్రం ఈ ఆలయ జాబితాలో లేదు. అంటే మరణం ఇక్కడ పవిత్రత ఇవ్వదు. రాజ్యం కోసం మరణించడం మాత్రమే ఇస్తుంది. ఆ రాజ్యం ఏదన్నది గెలిచినవారు నిర్ణయిస్తారు.

వీరారాధన మనకు కొత్త కాదు. మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు నేటికీ ఉన్నాయి. పల్నాటి కారంపూడిలో వీరులకు గుడి ఉంది, ఏటా ఉత్సవం జరుగుతుంది. అయితే అవి ఊరి జ్ఞాపకంలోంచి మొలిచినవి. యాసుకుని నిర్వహణ సైన్య, నౌకాదళ మంత్రిత్వ శాఖల చేతుల్లో ఉండేది. ఎవరు దేవుడో తేల్చేది యుద్ధ శాఖ దస్త్రం.

దుఃఖాన్ని పండుగగా మార్చిన యంత్రం

ఆలయంలో శవాలు లేవు, అస్థికలు లేవు. పేర్లు మాత్రమే ఉన్నాయి. మరణించిన ప్రతి సైనికుడి పేరును పట్టికలో రాసి, రాత్రి చీకట్లో జరిగే క్రతువుతో అతణ్ని కామిగా ప్రతిష్ఠిస్తారు. రష్యాతో 1904–05లో జరిగిన యుద్ధం నుంచి 88 వేలకు పైగా పేర్లు వచ్చాయి. 1941–45 మహాయుద్ధం నుంచి వచ్చినవి 21 లక్షల 33 వేల పైచిలుకు. మొత్తం కలిపి 24 లక్షల 66 వేలకు పైగా. వారిలో సుమారు 57 వేల మంది స్త్రీలు. యుద్ధరంగంలో సేవచేసిన నర్సులు, ఒకినావాలో మరణించిన విద్యార్థినులు వారిలో ఉన్నారు.

ఒక మారుమూల పల్లెలో కొడుకును కోల్పోయిన తల్లిని ఊహించండి. ప్రభుత్వమే ఆమెను టోక్యోకు తీసుకువస్తుంది. చక్రవర్తి స్వయంగా వచ్చి ఆమె కొడుకు ఆత్మ ఎదుట తలవంచుతాడు. ఆ దృశ్యం రేడియోలో దేశమంతా మార్మోగుతుంది. చక్రవర్తే దేవుడైన సమాజంలో ఆ దేవుడే తన బిడ్డకు నమస్కరిస్తే ఆ తల్లి ఇంకేం అడగగలదు? ‘నా కొడుకు ఎందుకు చనిపోయాడు’ అన్న ప్రశ్న ఆమె గొంతులోనే ఆగిపోతుంది. తత్వవేత్త తకహాషి తెత్సుయా 2005లో యాసుకుని సమస్యపై వెలువరించిన పుస్తకంలో చేసిన ప్రధాన వాదన ఇదే. దుఃఖాన్ని ఆనందంగా మార్చే రసవాదం ఈ ఆలయంలో జరిగిందనీ, ఆ మార్పు లేకుంటే తర్వాతి కొడుకు యుద్ధానికి బయలుదేరడనీ ఆయన అంటారు. ‘యాసుకునిలో చెర్రీ పూలై కలుద్దాం’ అని సైనికులు వీడ్కోలు చెప్పుకునేవారు. ఇప్పటికీ టోక్యోలో చెర్రీ పూత మొదలైందని వాతావరణ శాఖ ప్రకటించేది ఈ ప్రాంగణంలోని ఒక చెట్టును చూసే.

ఈ యంత్రం సజావుగా తిరగడానికి ఒక వాదన అవసరమైంది. షింటో మతం కాదు, అది జాతి సంస్కారం అన్నదే ఆ వాదన. 1889 నాటి మేజీ రాజ్యాంగం పరిమితులతోనైనా మతస్వేచ్ఛ ఇచ్చింది. అందువల్ల ఆలయానికి వెళ్లమని పౌరుణ్ని బలవంతపెట్టాలంటే ఆలయం మతానికి వెలుపల ఉండాలి. 1932లో టోక్యోలోని క్యాథలిక్ విద్యాసంస్థ సోఫియా విశ్వవిద్యాలయం విద్యార్థులు కొందరు యాసుకునిలో వందనం చేయడానికి నిరాకరించారు. సైన్యం ఆగ్రహించింది. విశ్వవిద్యాలయం మనుగడే ప్రశ్నార్థకమైంది. చివరకు 1936లో వాటికన్ దిగివచ్చింది. ఆలయ వందనం పౌరధర్మమేననీ, క్యాథలిక్కులు పాల్గొనవచ్చనీ అనుమతించింది. వలసగా మారిన కొరియాలో ఈ వాదన మరింత కర్కశంగా అమలైంది. షింటో ఆలయాలకు మొక్కనన్న క్రైస్తవ బోధకులు జైళ్ల పాలయ్యారు. పాస్టర్ జు గిచోల్ 1944లో జైల్లోనే మరణించారు.

ఒక మతాచారానికి సంస్కృతి అన్న పేరు పెట్టి, ఆ సంస్కృతికి దేశభక్తి అన్న పేరు పెట్టి, దాన్ని నిరాకరించినవాణ్ని దేశద్రోహి అనడం ఎంత సులువో ఈ ఉదంతం చెబుతుంది. మన దేశంలో ఇటువంటి చర్చలను వింటున్న పాఠకులకు దీనిపై వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

1945 తర్వాత: ప్రైవేటు దేవాలయం, ప్రభుత్వ జాబితా

ఓటమి తర్వాత ఆక్రమణ సైన్యాల అధికారులు 1945 డిసెంబర్ 15న ఒక ఉత్తర్వు ద్వారా షింటోను రాజ్యం నుంచి విడదీశారు. యాసుకుని ఒక సాధారణ మతసంస్థగా మారింది. 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 20వ అధికరణం ప్రభుత్వం ఏ మతకార్యంలోనూ పాలుపంచుకోరాదని శాసించింది. 89వ అధికరణం మతసంస్థలకు ప్రభుత్వ ధనం ఇవ్వరాదంది. కాగితం మీద తెగతెంపులు పూర్తయ్యాయి.

ఆచరణలో దారం తెగలేదు. ఏయే సైనికుడు మరణించాడన్న జాబితాలు ప్రభుత్వ ఆరోగ్య, సంక్షేమ శాఖ దగ్గర ఉండేవి. ఆ శాఖే పేర్లను ఆలయానికి పంపుతూ వచ్చింది. 1953లో చట్టాన్ని సవరించి, యుద్ధ నేరస్థులుగా ఉరికంబమెక్కినవారి కుటుంబాలకూ భృతి ఇవ్వడం మొదలుపెట్టారు. 1959 నుంచి బి, సి తరగతుల యుద్ధ నేరస్థులను ఆలయంలో ప్రతిష్ఠించడం ఆరంభమైంది. మరోవైపు యుద్ధ మృతుల కుటుంబాల సంఘం అధికార లిబరల్ డెమోక్రటిక్ పార్టీకి గట్టి ఓటు బలంగా ఎదిగింది. 1969 నుంచి 1974 వరకు యాసుకునిని తిరిగి ప్రభుత్వ పోషణలోకి తెచ్చే బిల్లును ఆ పార్టీ ఐదుసార్లు పార్లమెంటులో ప్రవేశపెట్టి, ఐదుసార్లూ విఫలమైంది. బౌద్ధులు, క్రైస్తవులు, వామపక్షాలు ఏకమై అడ్డుకున్నారు.

ఇక్కడే ఒక స్త్రీ పోరాటాన్ని గుర్తుచేసుకోవాలి. ఆత్మరక్షణ దళంలో పనిచేసే భర్త 1968లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. భార్య నకాయా యాసుకో క్రైస్తవురాలు. ఆమె అభ్యంతరాన్ని లెక్కచేయకుండా, మాజీ సైనికుల సంఘం ఆత్మరక్షణ దళం స్థానిక కార్యాలయం సహకారంతో ఆయనను యమగుచి రాష్ట్రంలోని గోకోకు ఆలయంలో కామిగా ప్రతిష్ఠించింది. గోకోకు ఆలయాలు యాసుకునికి ప్రాంతీయ ప్రతిరూపాల వంటివి. తన భర్తను తన విశ్వాసం ప్రకారం స్మరించుకునే హక్కు తనకుందని ఆమె కోర్టుకెక్కింది. కింది కోర్టుల్లో గెలిచింది. 1988 జూన్ 1న సుప్రీంకోర్టు మాత్రం ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఇతరుల మతస్వేచ్ఛ పట్ల ఆమే సహనం చూపాలంది. ఒక్క న్యాయమూర్తి మాత్రమే విభేదించారు. అధికసంఖ్యాకుల ఆచారాన్ని ఒంటరి వితంతువు సహించాలన్న ఆ తర్కం ఎంత మృదువైన మాటల్లో చెప్పినా కఠినమైనదే.

అదే సుప్రీంకోర్టు 1997లో మరోలా పలికింది. ఎహిమే రాష్ట్ర ప్రభుత్వం యాసుకునికి, స్థానిక గోకోకు ఆలయానికి ప్రజాధనం నుంచి కానుకలు చెల్లించడం రాజ్యాంగ విరుద్ధమని భారీ మెజారిటీతో తేల్చింది. కోర్టులు ఇలా ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేస్తూ ఉండగా అసలు తుపాను వేరేచోట పుట్టింది.

పద్నాలుగు పేర్లు

టోక్యోలో 1946 మేలో ఆరంభమైన అంతర్జాతీయ సైనిక న్యాయస్థానం 1948 నవంబర్‌లో తీర్పు చెప్పింది. యుద్ధకాల ప్రధాని తోజో హిదేకి సహా ఏడుగురిని ఆ ఏడాది డిసెంబర్ 23న ఉరితీశారు. వీరినీ, విచారణ కాలంలోనో శిక్ష అనుభవిస్తూనో మరణించిన మరో ఏడుగురినీ ప్రతిష్ఠించాల్సినవారి జాబితాలో చేర్చి సంక్షేమ శాఖ 1966లో ఆలయానికి పంపింది. నాటి ప్రధాన అర్చకుడు త్సుకుబా ఫుజిమారో ఆ పేర్లను పక్కన పెట్టి, తాను మరణించేవరకు కదపలేదు. ఆయన తర్వాత వచ్చిన మత్సుదైరా నగయోషి మాజీ సైనికాధికారి. టోక్యో తీర్పును తిరస్కరించనిదే జపాన్ ఆత్మ కోలుకోదన్నది ఆయన నమ్మకం. 1978 అక్టోబర్ 17న ఎవరికీ తెలియకుండా ఆ పద్నాలుగు మందినీ ప్రతిష్ఠించారు. మర్నాటి ఏడాది ఏప్రిల్‌లో పత్రికలు బయటపెట్టేవరకు దేశానికి తెలియదు.

ఆ పద్నాలుగు మందిలో మత్సుయి ఇవానే ఉన్నాడు. 1937లో నాన్జింగ్ నగరంలో సైన్యం సాగించిన మారణకాండను ఆపనందుకు శిక్షపడిన సేనాని. నాజీ జర్మనీతో, ఫాసిస్టు ఇటలీతో ఒప్పందం కుదిర్చిన విదేశాంగమంత్రి మత్సుఓకా యోసుకే ఉన్నాడు.

హిరోహితో చక్రవర్తి యుద్ధానంతరం యాసుకునికి ఎనిమిదిసార్లు వెళ్లారు. చివరిసారి 1975 నవంబర్‌లో. ఆ తర్వాత మరణించేవరకు ఆ గడప తొక్కలేదు. కారణం చాలాకాలం ఊహాగానాలకే పరిమితమైంది. రాజప్రాసాద వ్యవహారాల అధిపతిగా పనిచేసిన తోమితా తోమోహికో రాసుకున్న టిప్పణి 2006 జూలైలో ఒక పత్రికలో వెలువడింది. యుద్ధ నేరస్థుల ప్రతిష్ఠాపన చక్రవర్తికి నచ్చలేదనీ, అందుకే తాను వెళ్లడం మానేశానని 1988లో ఆయన చెప్పారనీ అందులో ఉంది. ఆయన కుమారుడు అకిహితో చక్రవర్తి హోదాలో ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు. చక్రవర్తి కోసం ప్రాణాలిచ్చినవారి ఆలయానికి చక్రవర్తే దూరమయ్యాడు. ఆలయ సంరక్షకులమని చెప్పుకునే జాతీయవాదులు ఈ ఒక్క సత్యానికి ఇప్పటికీ సంతృప్తికరమైన జవాబు చెప్పలేకపోయారు.

చక్రవర్తి వెళ్లని చోటికి ప్రధానులు వెళ్లసాగారు. మికి తకేవో 1975 ఆగస్టు 15న వ్యక్తిగత హోదాలో వెళ్లారు. నకసోనే 1985లో అదే తేదీన అధికారికంగా వెళ్లారు. చైనాలో నిరసనలు చెలరేగడంతో మళ్లీ వెళ్లలేదు. 2001లో పార్టీ నాయకత్వం కోసం పోటీపడుతూ కొయిజుమి జునిచిరో యాసుకునికి వెళ్తానని వాగ్దానం చేశారు. ఆయన ప్రధాన ప్రత్యర్థి హషిమోతో స్వయంగా యుద్ధ మృతుల కుటుంబాల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసినవారు. ఆ ఓట్లను చీల్చడం ఈ వాగ్దానం లక్ష్యాల్లో ఒకటన్నది రాజకీయ పరిశీలకులకు తెలిసిందే. గెలిచాక కొయిజుమి ఏటా వెళ్లారు, మొత్తం ఆరుసార్లు. అబే షింజో 2013 డిసెంబర్ 26న వెళితే, మిత్రదేశమైన అమెరికా కూడా నిరాశ వ్యక్తం చేసింది. ఇదంతా చూశాక, మృతుల పట్ల భక్తి ఎంత, బతికున్నవారి ఓట్ల లెక్క ఎంత అని అడగక తప్పదు.

పాల్ రాసినదేమిటి, చదివినదేమిటి

ఇప్పుడు ఆ స్మారక శిల దగ్గరకు తిరిగి వద్దాం. టోక్యో న్యాయస్థానంలోని పదకొండుమంది న్యాయమూర్తుల్లో నిందితులందరూ నిర్దోషులని చెప్పింది పాల్ ఒక్కరే. ఆయన అసమ్మతి తీర్పు వెయ్యికి పైగా పేజీల గ్రంథం. దాని వెన్నెముక న్యాయశాస్త్ర సంబంధమైనది. దురాక్రమణ యుద్ధం ఆనాటికి అంతర్జాతీయ చట్టంలో వ్యక్తులను శిక్షించదగిన నేరం కాదు. చేసిన తర్వాత చట్టం చేసి శిక్షించడం న్యాయం కాదు. విజేతలే న్యాయాధిపతులైతే అది తీర్పు కాదు, ప్రతీకారం. ఆసియాను శతాబ్దాలుగా ఆక్రమించిన యూరప్ రాజ్యాలు ఆసియా దేశమొకటి అదే పని చేసిందని బోనెక్కించడంలోని కపటాన్ని ఆయన ఎత్తిచూపారు. అణుబాంబులు వేయాలన్న నిర్ణయాన్నీ ప్రశ్నించారు. ఇంకా స్వతంత్రం కాని దేశం నుంచి వెళ్లిన న్యాయమూర్తి ఈ మాటలు అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు.

అయితే పాల్ చెప్పనిది కూడా గమనించాలి. జపాన్ తప్పు చేయలేదని ఆయన అనలేదు. నాన్జింగ్‌లో సైన్యం దారుణాలకు పాల్పడిందనడానికి తిరుగులేని సాక్ష్యం ఉందని అంగీకరించారు. బోనులో ఉన్న ఈ వ్యక్తులు వాటికి ఆజ్ఞలిచ్చినట్టు రుజువు కాలేదన్నదే ఆయన వాదం. నిందితులు నిర్దోషులన్న మాటకూ జపాన్ నిర్దోషి అన్న మాటకూ మధ్య సముద్రమంత దూరం ఉంది. ఆక్రమణ ముగిసిన 1952లో ఆయన తీర్పు జపాన్‌లో పుస్తకరూపంలో ప్రచారంలోకి వచ్చినప్పటి నుంచి ఆ సముద్రాన్ని పూడ్చే పని సాగుతూనే ఉంది. వెయ్యి పేజీల తర్కం ఒక్క నినాదంగా కుదించుకుపోయింది. ఆ నినాదానికి రాతిలో చెక్కిన రూపమే యాసుకునిలోని శిల. దాన్ని నెలకొల్పిన 2005 నాటికి పాల్ మరణించి 38 ఏళ్లయింది. ఆయన సమ్మతి అడిగే అవకాశం ఎవరికీ లేదు.

భారత ప్రభుత్వం వైఖరి కాలంతో మారిన తీరు మరింత ఆసక్తికరం. 1948లో నెహ్రూ ఈ తీర్పు పాల్ వ్యక్తిగత అభిప్రాయమనీ, భారత ప్రభుత్వానికి దానితో సంబంధం లేదనీ భావించారు. అలాగని ఆయన జపాన్‌కు విరోధి కాదు. 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పంద సమావేశానికి భారత్ దూరంగా ఉంది. 1952 జూన్‌లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని నష్టపరిహారాన్ని వదులుకుంది. అరవై ఏళ్ల తర్వాత కథ మారింది. 2006 డిసెంబర్‌లో జపాన్ పార్లమెంటులో ప్రసంగించిన మన్మోహన్ సింగ్ పాల్ తీర్పును మైత్రికి గుర్తుగా స్మరించారు. 2007 ఆగస్టులో మన పార్లమెంటులో ప్రసంగించిన అబే అదే పేరు తలచి, మర్నాడు కోల్‌కతా వెళ్లి పాల్ కుమారుణ్ని కలుసుకున్నారు. చైనా ఎదుగుదల నీడలో రెండు దేశాలూ దగ్గరవుతున్న వేళ పాల్ ఒక దౌత్య వస్తువయ్యారు. దౌత్యానికి అలాంటి ప్రతీకలు అవసరమే. కానీ ప్రతీకను పట్టుకుని చరిత్రను వదిలేస్తే ఎలా?

ఆ జాబితాలో మన కథ

ఎందుకంటే ఆ యుద్ధం మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ దాడిలో పాల్గొన్న ర్యూజో విమానవాహక నౌక అదే ఏడాది ఆగస్టులో సాలమన్ దీవుల సమీపంలో మునిగిపోయింది. దానితోపాటు మరణించిన జపాన్ నావికులు యాసుకుని నియమం ప్రకారం కామిలే. అండమాన్ దీవులు 1942 మార్చి నుంచి యుద్ధం ముగిసేవరకు జపాన్ చేతిలో ఉన్నాయి. అక్కడ అమాయక ద్వీపవాసులు గూఢచారులన్న అనుమానంతో చిత్రహింసలకు, మరణశిక్షలకు గురయ్యారు. ఇంఫాల్, కోహిమాల్లో 1944లో మరణించిన వేలాది జపాన్ సైనికులూ ఆ పట్టికల్లో ఉన్నారు. వారి పక్కనే పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులకు అందులో చోటు లేదు.

ఆలయ మ్యూజియం యుషూకాన్ ముందు హాలులో ఒక పాత రైలు ఇంజన్ ఉంది. థాయ్‌లాండ్–బర్మా రైలుమార్గంలో నడిచిన ఇంజన్ అది. మాజీ సైనికులు స్వదేశానికి తెప్పించి ఆలయానికి సమర్పించారు. సుమారు 415 కిలోమీటర్ల ఆ మార్గాన్ని 1942–43లో నిర్మించారు. అందులో పన్నెండు వేలకు పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు మరణించారు. వారి సమాధులు థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో చక్కగా ఉన్నాయి. ఖైదీలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన దక్షిణ భారతీయులు వారిలో పెద్ద భాగం. ఎక్కువమంది తమిళులు. తెలుగువారు, మలయాళీలూ ఉన్నారు. కలరాతో, ఆకలితో అడవిలో రాలిపోయిన వారి పేర్లు రాసిన పట్టిక ఏ దేశపు ఆలయంలోనూ లేదు. ఇంజన్ మాత్రం మెరుగుపెట్టి భద్రంగా ఉంది. పాల్ శిల ఎదుట నమస్కరించే భారతీయుడు పది అడుగులు వేసి ఆ ఇంజన్ ఎదుట కూడా ఒక నిమిషం నిలవడం ధర్మం.

ఇష్టం లేకుండా ఆలయంలో చేరినవారి కథ మరొకటి. జపాన్ సైన్యంలోకి లాగబడి మరణించిన సుమారు 21 వేలమంది కొరియన్లు, 28 వేలమంది తైవానీయులు అక్కడ కామిలుగా ఉన్నారు. తమ తండ్రుల పేర్లు తొలగించాలని వారి పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగారు. బతికి తిరిగొచ్చిన ఒక కొరియన్ పేరు కూడా మృతుల జాబితాలో ఉందని బయటపడింది. అర్చకుల జవాబు ఒక్కటే. ఒకసారి కలిసిన ఆత్మలను విడదీయలేం. దీపం నుంచి దీపానికి అందిన జ్వాలలో ఏది ఎవరిదో చెప్పలేనట్టే. యుద్ధ నేరస్థులను వేరుచేయండి అన్న రాజకీయ నాయకులకూ ఇదే జవాబు. పేరు చేర్చడానికి కుటుంబం అనుమతి అక్కరలేదు. తొలగించడానికి దేవుడి అనుమతి కూడా చాలదు.

యాసుకునికి సమీపంలోనే చిదోరిగఫుచి జాతీయ స్మశానవాటిక ఉంది. 1959లో నిర్మించారు. విదేశాల్లో దొరికిన, ఎవరివో తెలియని మూడున్నర లక్షలకు పైగా మృతుల అస్థికలు అక్కడ ఉన్నాయి. అర్చకుడు లేడు. ఏ మతంవారైనా పువ్వు పెట్టి వెళ్లవచ్చు. నిజమైన అస్థికలున్నచోట జనసందడి తక్కువ. పేర్లు మాత్రమే ఉన్నచోట కెమెరాలు, నినాదాలు ఎక్కువ. మన ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడలపై పాతికవేలకు పైగా పేర్లు చెక్కారు. అక్కడ ఏ సైనికుడూ దేవుడు కాడు. ఏ మతం క్రతువూ అతనికి తప్పనిసరి కాదు. ఆ నిరాడంబరతను నిలుపుకోవడం చిన్న విషయం కాదు.

యాసుకునికి వెళ్లే ముదుసలి వితంతువును ఎవరూ తప్పుపట్టలేరు. ఆమెకు భర్త సమాధి లేదు, అతని ఎముక కూడా దక్కలేదు. జూలైలో జరిగే మితామా ఉత్సవంలో వెలిగే వేలాది లాంతర్లలో ఒకటి ఆమెది. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని తన పతాకానికి చుట్టుకునే రాజ్యంతోనే పేచీ అంతా. పాల్ జీవితాంతం వాదించింది అధికారం ఉన్నవాడి మాటే న్యాయం కారాదని. ఆయన చిత్రం ఉన్న ఆలయంలో మృతుల మీద చివరి మాట ఇప్పటికీ వారి బిడ్డలది కాదు. పాల్‌ను గౌరవించదలచిన భారతీయ నాయకులు ఈసారి టోక్యో వెళ్లినప్పుడు ఆయన తీర్పును మొదటి పేజీ నుంచి చదివి వెళితే బాగుంటుంది.